దీపావళికి విత్తు, సంక్రాంతికి పువ్వు: ఇంటి తోటలో నాస్టర్షియం

విత్తనాల ప్యాకెట్ మీద నారింజ, పసుపు, ఎరుపు రంగుల్లో పువ్వులు. వాటి వెనుక చిన్న తామరాకుల్లాంటి గుండ్రని ఆకులు. బొమ్మ చూసి ముచ్చటపడి నాస్టర్షియం విత్తనాలు కొనేవారు ఈ మధ్య నగరాల్లో పెరిగారు. తొలకరి వానలు పడగానే జూన్‌లో వాటిని విత్తుతారు. కుండీలో మట్టికంటే ఎరువే ఎక్కువగా నింపుతారు. రోజూ రెండు పూటలా నీళ్లు పోస్తారు. ఇంత చేసినా విత్తనాలు మట్టిలోనే కుళ్లిపోతాయి, లేదా మొలిచి ఆకులతో కుండీని కప్పేస్తాయి కానీ ఒక్క పువ్వూ పూయదు. విత్తనాలు మంచివి కావనే నిర్ణయానికి వచ్చి ప్యాకెట్‌ను పారేస్తారు.

చాలాసార్లు తప్పు విత్తనానిది కాదు. నాస్టర్షియం తేలికగా పెరిగే మొక్కల్లో ఒకటి. బడిపిల్లల చేత మొదటిసారి విత్తించడానికి ఎన్నో దేశాల్లో దీన్ని ఎంచుకుంటారు. అయితే దానికి రెండు షరతులున్నాయి. వాతావరణం చల్లగా ఉండాలి, నేల మరీ బలంగా ఉండకూడదు. మన మైదాన ప్రాంతాల్లో మొదటి షరతు ఏడాదిలో నాలుగు నెలలు మాత్రమే నెరవేరుతుంది. రెండో షరతు ఎప్పుడైనా మన చేతిలోనే ఉంటుంది, కానీ మొక్క మీద ప్రేమకొద్దీ దాన్ని మనమే తప్పుతాం. ఈ రెండు షరతులూ ఎందుకు ఏర్పడ్డాయో తెలియాలంటే ముందు మొక్క పుట్టిల్లు చూడాలి.

ఉష్ణమండలంలో పుట్టిన చలికాలపు మొక్క

నాస్టర్షియం శాస్త్రీయ నామం ట్రోపియోలం మేజస్. దీని బంధుజాతులన్నీ మధ్య, దక్షిణ అమెరికాకు చెందినవి. తోటల్లో పెంచే రకాల మూలాలు పెరూ, ఈక్వెడార్, కొలంబియా, బొలీవియా దేశాల మీదుగా సాగే ఆండీస్ పర్వతాల్లో ఉన్నాయి. దేశపటంలో చూస్తే ఈ దేశాలు భూమధ్యరేఖకు దగ్గరగా, మనకంటే వేడి ప్రాంతంలో ఉన్నట్టు కనిపిస్తాయి. అక్కడి మొక్కకు మన ఎండ ఒక లెక్కా అనిపించడం సహజం.

ఇక్కడ అక్షాంశం కన్నా ఎత్తు ముఖ్యం. సముద్రమట్టం నుంచి పైకి వెళ్లే కొద్దీ ప్రతి కిలోమీటరుకూ ఉష్ణోగ్రత సగటున 6 నుంచి 6.5 డిగ్రీల సెల్సియస్ తగ్గుతుంది. అందుకే భూమధ్యరేఖ పక్కనే ఉన్నా ఆండీస్ కొండవాలులు ఏడాది పొడవునా చల్లగా ఉంటాయి. గడ్డకట్టించే మంచు లేని చోట అక్కడ ఈ మొక్క సంవత్సరాల తరబడి బతుకుతుంది. మన దేశంలో సుమారు 2,240 మీటర్ల ఎత్తున ఉన్న ఊటీ పరిసరాలు దానికి పుట్టింటిలాంటివే. నీలగిరుల్లో నాస్టర్షియం తోటల హద్దులు దాటి, గట్ల మీద తనంతట తానే పెరుగుతూ కనిపిస్తుంది. అదే మొక్క విజయవాడ డాబా మీద మే నెల చూడలేదు. ఉత్తరాన గడ్డకట్టే మంచుకు చనిపోతుంది, దక్షిణాన వడగాలికి చనిపోతుంది. అందుకే రెండు చోట్లా దీన్ని ఒక్క ఋతువు బతికే మొక్కగానే పెంచుతారు.

స్పానిష్ నావికుల రాకపోకలతో 16వ శతాబ్దంలో ఈ ప్రజాతికి చెందిన ఒక చిన్న రకం ఐరోపా చేరింది. నేడు తోటల్లో ఉండే పెద్ద రకం 1684 ప్రాంతంలో హాలండ్‌కు వచ్చింది. 1753లో స్వీడన్ శాస్త్రవేత్త కార్ల్ లిన్నేయస్ దీనికి ట్రోపియోలం అని పేరు పెట్టాడు. ప్రాచీన కాలంలో యుద్ధం గెలిచినవారు ఓడిన సైనికుల డాళ్లు, శిరస్త్రాణాలు ఒక స్తంభానికి వేలాడదీసేవారు. ఆ విజయ చిహ్నానికి లాటిన్‌లో ఉన్న పేరు నుంచి ఈ మాట వచ్చింది. కర్రకు అల్లుకున్న మొక్కలో గుండ్రని ఆకులు డాళ్లలాగా, పువ్వులు నెత్తుటి మరకలంటిన శిరస్త్రాణాల్లాగా ఆయనకు కనిపించాయి.

ఆవాలకు, బొప్పాయికి చుట్టం

నాస్టర్షియం అనే వాడుక పేరుకు మూలం కూడా లాటినే. ముక్కును మెలిపెట్టేది అని దాని అర్థం. నిజానికి ఆ పేరు నీళ్లలో పెరిగే ఘాటైన మరో ఆకుకూరది. ఆ ఘాటే ఇందులోనూ ఉండటంతో జనం దీన్నీ అలాగే పిలిచారు. వృక్షశాస్త్రంలో ఇప్పటికీ నాస్టర్షియం అనేది ఆ ఆకుకూర ప్రజాతి పేరు. తోటలోని నాస్టర్షియం వేరే కుటుంబానికి చెందినది.

అయితే ఘాటు ఒకేలా ఉండటం కాకతాళీయం కాదు. ఆవాలు, ముల్లంగి, క్యాబేజీ, మునగ, బొప్పాయి, నాస్టర్షియం అన్నీ బ్రాసికేల్స్ అనే ఒకే క్రమంలోకి వస్తాయి. ఈ క్రమంలోని మొక్కలకు ఒక ఉమ్మడి ఆయుధం ఉంది. వాటి కణాల్లో గ్లూకోసినోలేట్లు అనే పదార్థాలు ఒకచోట, మైరోసినేజ్ అనే ఎంజైమ్ మరోచోట విడివిడిగా ఉంటాయి. అలా ఉన్నంతసేపూ ఘాటు ఉండదు. పురుగు కొరికినప్పుడో, మనం నమిలినప్పుడో కణాలు చితికి రెండూ కలుస్తాయి. అప్పుడు ఘాటైన ఐసోథయోసయనేట్లు పుడతాయి. ఆవపిండి పొడిగా ఉన్నప్పుడు వాసన అంతగా లేకపోయినా, తడి తగలగానే ఘాటెక్కడానికి కారణం ఇదే.

నాస్టర్షియంలో పుట్టే ఘాటైన పదార్థం పేరు బెంజైల్ ఐసోథయోసయనేట్. బొప్పాయి గింజల్లోనూ ఇదే ఉంటుంది. పండు కోసినప్పుడు ఒక నల్లగింజను చితిపి వాసన చూసి, ఆ తర్వాత నాస్టర్షియం ఆకును నలిపి చూస్తే ఆ చుట్టరికం ముక్కుకే తెలిసిపోతుంది.

విత్తనం కాదు, పండులో మూడో వంతు

ప్యాకెట్ విప్పితే ముడతలు పడిన శనగగింజల్లాంటివి బయటపడతాయి. వీటిని విత్తనాలు అంటున్నా, నిజానికి ఒక్కొక్కటీ పండులో ఒక భాగం. నాస్టర్షియం పువ్వు రాలాక మూడు చిన్న బంతులు అతుక్కున్నట్టు ఒక కాయ ఏర్పడుతుంది. పండాక అది మూడు ముక్కలుగా విడిపోతుంది. ఒక్కో ముక్కలో ఒక్కో విత్తనం ఉంటుంది. బయట మనకు కనిపించే గరుకైన, బెండులాంటి పొర విత్తనపు తోలు కాదు, ఎండిన కాయ గోడ.

నానబెట్టడం ఎందుకు మేలు చేస్తుందో ఇక్కడ అర్థమవుతుంది. నీరు ముందు ఆ బెండు పొరను దాటాలి, తర్వాత విత్తనపు తోలును దాటాలి, ఆపైనే లోపలి పిండాన్ని చేరుతుంది. రాత్రి పడుకునే ముందు గోరువెచ్చని నీటిలో వేసి, తెల్లవారాక విత్తితే ఆ ఆలస్యం కొంత తగ్గుతుంది. అంతకు మించి రోజుల తరబడి నీటిలో ఉంచితే గాలి అందక పిండం ఊపిరాడని స్థితికి చేరుతుంది. విత్తనం నిద్రపోతున్నట్టున్నా, ఒకసారి నీరు తాగాక దానికి ఆక్సిజన్ కావాలి. బురదమట్టిలో విత్తిన గింజలు కుళ్లిపోవడానికీ కారణం అదే.

లోపల రెండు లావైన బీజదళాలు ఉంటాయి. మొక్కకు తొలి రోజుల తిండి వాటిలోనే ఉంటుంది. అందులో ముఖ్యమైనది జైలోగ్లూకాన్ అనే పిండి పదార్థం. బియ్యంలో ఉండే పిండికి ఇది భిన్నం. కణాల గోడల్లోనే దట్టంగా పేరుకుని ఉంటుంది. మొలక లేచాక ఎంజైములు ఆ గోడలను కరిగించి చక్కెరలుగా మారుస్తాయి. ఇదే పదార్థం చింతగింజల్లోనూ సమృద్ధిగా ఉంటుంది. బట్టల మిల్లుల్లో నూలుకు గంజి పెట్టడానికి చింతగింజల పొడి పనికొచ్చేది దీనివల్లే. విత్తనాలు ఈ పదార్థాన్ని ఎలా కరిగించుకుంటాయో తెలుసుకునే పరిశోధనల్లో నాస్టర్షియం గింజలు ఎంతో ఉపయోగపడ్డాయి.

చిక్కుడు మొలిచినప్పుడు బీజదళాలు మట్టిని చీల్చుకుని పైకి వస్తాయి. నాస్టర్షియంలో అవి శనగ, బఠాణీల్లోలాగా మట్టిలోనే ఉండిపోతాయి. పైకి వచ్చేవి అసలైన ఆకులే. అందుకే మొలక మొదటి రోజు నుంచే చిన్న గొడుగు విప్పినట్టు కనిపిస్తుంది. ఏ పిట్టో పురుగో పైన మొలకను కొరికేసినా, కింద తిండి నిల్వ మిగిలి ఉంటుంది కాబట్టి ఒక్కోసారి మళ్లీ చిగురు లేస్తుంది.

ఎప్పుడు విత్తాలి

నాస్టర్షియం మొలకెత్తడానికి మట్టి ఉష్ణోగ్రత 13 నుంచి 18 డిగ్రీల మధ్య ఉంటే బాగుంటుంది. ఇరవై దాటినా మొలుస్తుంది కానీ, వేడి పెరిగే కొద్దీ మొలకల సంఖ్య తగ్గుతుంది. పెరిగే దశలో పగలు 30 డిగ్రీల లోపు, రాత్రి అంతకంటే బాగా చల్లగా ఉండటం దానికి ఇష్టం. పగటి వేడి 30 డిగ్రీలు దాటి రోజుల తరబడి కొనసాగితే పూత తగ్గి, ఆకులు చిన్నవై పసుపు రంగుకు తిరుగుతాయి.

తెలుగు నేల మీద ఈ లెక్కకు సరిపడే కాలం దీపావళి నుంచి శివరాత్రి దాకా. తెలంగాణ, రాయలసీమ పీఠభూమి ప్రాంతాల్లో అక్టోబర్ చివరి వారం నుంచి నవంబర్ మధ్య వరకు విత్తవచ్చు. కోస్తాలో అక్టోబర్, నవంబర్ నెలల్లో ఈశాన్య ఋతుపవన వర్షాలు, తుపానులు ఉంటాయి. అక్కడ వాన తెరిపిచ్చాక, నవంబర్ రెండో సగంలో విత్తడం మేలు. లేదా చూరు కింద కుండీలు ఉంచి ముందే మొదలుపెట్టవచ్చు. అరకు, లంబసింగి వంటి చల్లని మన్యం ప్రాంతాల్లో ఈ కాలం అటూ ఇటూ మరికొంత సాగుతుంది.

విత్తిన రోజు నుంచి మొలక రావడానికి 7 నుంచి 14 రోజులు, మొదటి పువ్వు పూయడానికి సుమారు 8 వారాలు పడుతుంది. దీపావళి ఎంత ఆలస్యంగా వచ్చిన ఏడాదైనా సంక్రాంతికి దాదాపు 9 వారాల వ్యవధి ఉంటుంది. అంటే దీపాల పండుగకు విత్తిన గింజ ముగ్గుల పండుగకు పూస్తుంది. డిసెంబర్ చివర్లో విత్తితే మాత్రం పూత మొదలయ్యేసరికి చలి వీడ్కోలు పలుకుతుంది. నెల ఆలస్యమైతే పూత కాలం సగం పోయినట్టే.

ఎలా విత్తాలి

నాస్టర్షియం వేళ్లు సున్నితమైనవి. నారు పోసి పీకి నాటితే చాలాసార్లు కోలుకోదు. కాబట్టి పెరగాల్సిన చోటే విత్తడం ఉత్తమం. ముందుగా నారు పెంచాలనుకుంటే కాగితపు కప్పులోనో, కొబ్బరి పీచు కప్పులోనో విత్తి, కప్పుతో సహా కుండీలో పెట్టాలి.

పొదలా ఉండే పొట్టి రకాలు, తీగలా సాగే పొడవు రకాలు అని రెండు ఉంటాయి. పొట్టి రకాలు సుమారు 30 సెంటీమీటర్ల ఎత్తు పెరుగుతాయి. తీగ రకాలు రెండు మీటర్ల దాకా సాగుతాయి. తీగ రకానికి నులితీగలు ఉండవు. ఆకు కాడే పురికొసను గానీ సన్నని పుల్లను గానీ తగలగానే దాని చుట్టూ మెలిక వేస్తుంది. చార్లెస్ డార్విన్ పాకే మొక్కల మీద చేసిన అధ్యయనంలో, ఆకు కాడలతో ఎగబాకే మొక్కలకు ఉదాహరణగా ట్రోపియోలం జాతులను పరిశీలించాడు. లావు కర్రను ఆ కాడ చుట్టలేదు కాబట్టి సన్నని పురికొస కట్టాలి.

20 నుంచి 25 సెంటీమీటర్ల వెడల్పున్న కుండీలో రెండు మొక్కలు చాలు. కింద తూము తెరిచి ఉండాలి. రెండు పాళ్లు ఎర్రమట్టి, ఒక పాలు ఇసుక, గుప్పెడు బాగా చివికిన ఎరువు కలిపితే సరిపోతుంది. నల్లరేగడి మట్టి అయితే నీరు నిలుస్తుంది కనుక ఇసుక పాలు పెంచాలి. నానిన గింజను ఒకటిన్నర సెంటీమీటర్ల లోతున పెట్టి మట్టితో పూర్తిగా కప్పాలి. ఈ గింజ చీకట్లో బాగా మొలుస్తుంది. పైన గింజ కనబడేలా వదిలేయకూడదు. నేలలో అయితే పొట్టి రకాలకు మొక్కకూ మొక్కకూ 25 సెంటీమీటర్ల ఎడం ఉంచాలి.

మొలక వచ్చేదాకా మట్టి తడిగా ఉండాలి, బురదగా ఉండకూడదు. తర్వాత వేలు ఒక కణుపు లోతు దించి చూసి, పొడిగా అనిపిస్తేనే నీరు పోయాలి. ఉదయపు ఎండ నాలుగైదు గంటలు తగిలి, మధ్యాహ్నం కొంత నీడ పడే తూర్పు వైపు బాల్కనీ దీనికి మంచి చోటు.

పెట్టుపోతలు ఎక్కువైతే ఆకులే

ఇక రెండో షరతు. పశువుల ఎరువు, వర్మీకంపోస్ట్, యూరియాల్లో మొక్కకు త్వరగా పనికొచ్చేది నత్రజని. ఆకులు, కాండం పెరగడానికి అది ముడిసరుకు. అది దండిగా అందుతున్నంతకాలం నాస్టర్షియం ఆకుల మీద ఆకులు వేస్తూ పోతుంది. పెద్ద ఆకుల కింద, పొడవాటి కాడల మధ్య ఉన్న కొద్దిపాటి పువ్వులు కూడా దాక్కుంటాయి. నేల పలచగా ఉన్నప్పుడు ఆకుల పెరుగుదల అదుపులో ఉండి, పూత ఎక్కువగా, ముందుగా వస్తుంది. గులాబీకి, బంతికి పెట్టినట్టు పది రోజులకోసారి ఎరువు పెట్టే అలవాటే ఇక్కడ పూతను మింగేస్తుంది.

ఈ మాటను నమ్మాల్సిన పనిలేదు, ఇంట్లోనే పరీక్షించవచ్చు. ఒకే కొలత కుండీలు ఆరు తీసుకోవాలి. ఒకే ప్యాకెట్ గింజలు, ఒకే రోజు, ఒకే లోతున విత్తాలి. మూడింటిలో పైన చెప్పిన పలచని మట్టి మాత్రమే ఉండాలి. మిగతా మూడింటిలో అదే మట్టికి సమానంగా వర్మీకంపోస్ట్ కలపాలి. ఎండ, నీరు అన్నిటికీ ఒకేలా అందాలి. ఎండ తేడా రాకుండా వారానికోసారి కుండీల చోట్లు మార్చాలి. ప్రతి ఆదివారం ఆకులు, మొగ్గలు, పువ్వులు లెక్కపెట్టి పుస్తకంలో రాసుకోవాలి. ఒక్కో రకానికి ఒకే కుండీ కాకుండా మూడు పెట్టడం వల్ల, ఏదో ఒక మొక్క స్వతహాగా బలహీనమైనదైనా ఫలితం తప్పుదారి పట్టదు. పిల్లలకు ప్రయోగమంటే ఏమిటో, పోలిక ఎలా సరిగా చేయాలో నేర్పడానికి ఇంతకంటే చవకైన ప్రయోగశాల దొరకదు.

ఆకు మీద ఎగిరే నీటిబొట్టు

పువ్వులు వచ్చేలోగా ఆకును చూస్తూ గడపవచ్చు. నాస్టర్షియం ఆకుకు కాడ అంచున కాక దాదాపు మధ్యలో అతుక్కుని ఉంటుంది, తామరాకులాగే. అక్కడి నుంచి ఈనెలు చక్రపు ఆకుల్లా అంచుదాకా పరుచుకుంటాయి. నీరు పోస్తే తామరాకు మీద, చేమాకు మీద లాగే బొట్లు ముత్యాలై దొర్లిపోతాయి. ఆకు ఉపరితలం మీద కంటికి కనిపించనంత సన్నని మైనపు గొట్టాలు నిలువుగా నిండి ఉంటాయి. నీటిబొట్టు ఆ మొనల మీద మాత్రమే ఆనుతుంది. కింద గాలి ఉంటుంది. దొర్లే బొట్టు దుమ్మును కూడా పట్టుకుపోతుంది. వేలితో ఆకును గట్టిగా రుద్ది మళ్లీ నీటిచుక్క వేస్తే అక్కడ అది పరుచుకుంటుంది, ఎందుకంటే మైనపు పొర చెరిగిపోయింది.

2013లో అమెరికాలోని మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ పరిశోధకులు నేచర్ పత్రికలో ఒక అధ్యయనం ప్రచురించారు. ఐఐటీ మద్రాస్ పూర్వ విద్యార్థి కృపా వారణాసి ఆ బృందంలో ఉన్నారు. నీటిని అంటనివ్వని ఉపరితలం మీద సన్నని గట్లు ఉంటే, పడిన బొట్టు సమంగా ముడుచుకోక చీలిపోయి, మరింత త్వరగా ఎగిరిపోతుందని వారు చూపారు. బొట్టు ఆనివుండే సమయం దాదాపు 40 శాతం తగ్గింది. ప్రకృతిలో ఇలాంటి ఏర్పాటు నాస్టర్షియం ఆకు ఈనెల్లో, మార్ఫో సీతాకోకచిలుక రెక్కల్లో ఉందని వారు గుర్తించారు. విమానం రెక్కల మీద పడిన నీరు గడ్డకట్టేలోగా ఎగిరిపోయేలా చేయడం వంటి అవసరాలకు ఈ సూత్రం ఉపయోగపడుతుంది.

చలికాలపు తెల్లవారుజామున ఆకు అంచు పొడవునా, ఈనె చివరల దగ్గర వరసగా నీటిబొట్లు కనిపిస్తే అవన్నీ మంచు చుక్కలు కావు. రాత్రి వేళ వేళ్లు తోడిన నీరు ఎక్కువై, అంచున ఉండే సూక్ష్మ రంధ్రాల నుంచి బయటికి వస్తుంది. పాఠ్యపుస్తకాల్లో చెప్పే బిందుస్రావం ఇదే.

పువ్వు, దాని తోక, ఒక పాత వింత

నాస్టర్షియం పువ్వు వెనుక సన్నని తోక ఒకటి సాగి ఉంటుంది. రక్షక పత్రాలే అలా పొడుగ్గా మారి తేనె దాచుకునే గొట్టం అయ్యాయి. ఆండీస్‌లో పొడవు ముక్కున్న హమ్మింగ్ పిట్టలు ఆ తేనె కోసం వస్తాయి. మన తోటల్లో ఆ పని ఎక్కువగా తేనెటీగలు చేస్తాయి.

పువ్వులో ఎనిమిది కేసరాలుంటాయి. అన్నీ ఒకేసారి విచ్చుకోవు. కొన్ని రోజుల పాటు ఒకటొకటిగా లేచి పుప్పొడి రాలుస్తాయి. అవన్నీ వాడాకే కీలాగ్రం మూడు పాయలుగా విచ్చుకుంటుంది. సొంత పుప్పొడి మీదే ఆధారపడకుండా మరో పువ్వు పుప్పొడి అందేందుకు ఇది ఒక ఏర్పాటు. పై అంతస్తు బాల్కనీలకు తేనెటీగలు రాకపోతే, కొత్తగా విచ్చుకున్న పువ్వు నుంచి సన్నని కుంచెతో పుప్పొడి తీసి, కీలాగ్రం విచ్చుకున్న పాత పువ్వుకు అద్దితే కాయ కడుతుంది.

1762లో లిన్నేయస్ కూతురు ఎలిజబెత్ క్రిస్టినా ఒక వింత చూసింది. అప్పటికి ఆమెకు 19 ఏళ్లు. వేసవి సాయంత్రం, వెలుతురు మసకబారే వేళ, నాస్టర్షియం పువ్వులు మెరుపులా తళుక్కుమనడం గమనించింది. ఆమె రాసిన పరిశీలన అదే ఏడాది స్వీడన్ రాయల్ అకాడమీ ఆఫ్ సైన్సెస్ పత్రికలో వెలువడింది. అది విద్యుత్తు కావచ్చని అప్పట్లో చాలామంది అనుకున్నారు. 20వ శతాబ్దంలో అసలు సంగతి తేలింది. మెరుపు పువ్వులో లేదు, చూసే కంటిలో ఉంది. వెలుతురు తగ్గినప్పుడు కంటిలో రంగులు చూసే కణాల నుంచి మసక వెలుతురులో పనిచేసే కణాలకు బాధ్యత మారుతుంది. ఆ మార్పు వేళ ఎరుపు, నారింజ రంగుల వెలుగు, చుట్టూ ఉన్న ఆకుపచ్చ వెలుగుతో పోలిస్తే తారుమారవుతుంది. చూపు అటూ ఇటూ కదిలినప్పుడు అది తళుకులా తోస్తుంది. పూసిన కుండీ ఇంట్లో ఉన్నవారు సంధ్యవేళ పువ్వు మీద చూపు నిలపకుండా పక్కపక్కగా చూస్తే ఈ పరిశీలనను తామూ చేసి చూడవచ్చు.

పురుగులు కూడా వస్తాయి

కూరగాయల పక్కన నాస్టర్షియం వేస్తే పురుగులు రావనే మాట ప్రచారంలో ఉంది. దాన్ని అలాగే నమ్మలేం. దీని లేత కొనలకు పేనుబంక బాగా పడుతుంది. ఆకు తొలిచే పురుగు తెల్లని వంకర గీతలు గీస్తుంది. ఆవాల కుటుంబాన్ని తినే గొంగళిపురుగులకు ఘాటు అడ్డుగోడ కాదు, భోజనానికి పిలుపు. క్యాబేజీ తోటల్లో ఆవ మొక్కలను ఎర పంటగా వేసినట్టు, దీన్నీ పురుగులను తనవైపు లాగే మొక్కగా వాడవచ్చు. అప్పుడు ఆ పురుగులను ఎప్పటికప్పుడు ఏరివేయాలి. లేకపోతే ఎర కాస్తా పురుగుల పెంపకం అవుతుంది.

క్యాబేజీ తెల్ల సీతాకోకచిలుక పిల్లల మీద జరిగిన పరిశోధనల్లో ఒక ఆసక్తికరమైన విషయం తేలింది. గుడ్డు నుంచి రాగానే నాస్టర్షియం మీద వదిలితే అవి దాన్ని తిని పెరుగుతాయి. క్యాబేజీ తిని కొంత పెరిగాక అదే ఆకు పెడితే ముట్టుకోకుండా ఆకలితో చచ్చిపోతాయి. మొదట తిన్నదే తిండి అన్న అలవాటు పురుగులకూ ఉంటుందన్నమాట.

పేనుబంక కనిపించగానే గట్టి నీటిధారతో కడిగేయాలి. తగ్గకపోతే కొద్దిగా సబ్బు కలిపిన వేపనూనె ద్రావణాన్ని సాయంత్రం పూట చల్లవచ్చు. ఆకు మీద నీరు నిలవదు కనుక సబ్బు కలపకపోతే మందు జారిపోతుంది.

వంటింట్లో

ఆకు, పువ్వు రెండూ తినదగినవే. లేత ముల్లంగి ఆకులో మిరియం కలిపినట్టు ఉంటుంది రుచి. పెరుగు పచ్చడిలోనో, సలాడ్‌లోనో నాలుగు రేకులు వేసుకోవచ్చు. వేడికి ఎంజైమ్ పాడవుతుంది కాబట్టి ఉడికిస్తే ఘాటు చాలావరకు పోతుంది. అయితే మూడు జాగ్రత్తలు అవసరం. నర్సరీలో కొన్న మొక్కకు మందులు కొట్టి ఉండవచ్చు కనుక ఇంట్లో విత్తి పెంచినదే తినాలి. విత్తడానికి అమ్మే గింజలకు మందు పట్టించి ఉండవచ్చు, వాటిని తినకూడదు. కడుపులో పుండ్లు, మూత్రపిండాల వ్యాధులు ఉన్నవారు, గర్భిణులు, పసిపిల్లలు దీనికి దూరంగా ఉండటం మంచిది.

వచ్చే ఏటికి గింజలు

శివరాత్రికి చలి శివశివా అంటూ వెళ్లిపోతుందంటారు. ఆ తర్వాత నాస్టర్షియం కూడా ఎక్కువ రోజులు ఉండదు. దాన్ని నీళ్లతో, నీడతో మరో నెల నిలబెట్టాలని శ్రమపడేకంటే గింజలు దాచుకోవడం మేలు. ఫిబ్రవరి మొదటి నుంచి కొన్ని పువ్వులను కోయకుండా కాయలకు వదిలేయాలి. కాయ ఆకుపచ్చగా ఉబ్బి, తర్వాత పాలిపోయి, తాకితే ఊడి వచ్చేలా అవుతుంది. కుండీ చుట్టూ రాలినవి కూడా ఏరుకోవచ్చు. వాటిని నీడలో, గాలి తగిలేచోట రెండు వారాలు ఆరబెడితే గోధుమ రంగుకు తిరిగి ముడతలు పడతాయి. గోరుతో నొక్కితే దిగకుండా గట్టిగా ఉండాలి.

ఇక్కడ చాలామంది చేసే పొరపాటు ఒకటుంది. ఆరిన గింజలను డబ్బాలో పోసి వంటింటి అటక మీద పెడతారు. మన వేసవిలో ఆ చోటు బాగా వేడెక్కుతుంది. విత్తనాల నిల్వ గురించి హారింగ్టన్ అనే శాస్త్రవేత్త చెప్పిన ఒక సులువైన లెక్క ఉంది. నిల్వ ఉంచిన చోటు ఉష్ణోగ్రత 5 డిగ్రీలు తగ్గిన ప్రతిసారీ విత్తనం ఆయుష్షు సుమారు రెట్టింపవుతుంది. విత్తనంలో తేమ ఒక్క శాతం తగ్గినా అంతే. అంటే అదే గింజను బాగా ఆరబెట్టి, కాగితపు పొట్లంలో చుట్టి, మూత బిగుతుగా ఉన్న సీసాలో వేసి ఫ్రిజ్‌లో పెడితే, అటక మీది గింజకంటే ఎన్నో రెట్లు ఎక్కువ కాలం బతుకుతుంది. పొట్లం మీద రంగు, తేదీ రాయడం మరవకూడదు. తేనెటీగలు పుప్పొడిని కలిపి ఉంటాయి కనుక పసుపు పువ్వు గింజ నుంచి నారింజ పువ్వు వచ్చినా ఆశ్చర్యపోనక్కర్లేదు.

మొలకెత్తవనుకున్న పాత గింజలు ఇంట్లో ఉంటే పారేయనక్కర్లేదు. అక్టోబర్‌లో పది గింజలు నానబెట్టి, తడి గుడ్డలో చుట్టి, చల్లని మూలన ఉంచి రెండు వారాలు చూడాలి. పదిలో ఏడెనిమిది మొలిస్తే నిశ్చింతగా విత్తుకోవచ్చు. మూడు నాలుగే మొలిస్తే కుండీకి రెట్టింపు గింజలు వేయాలి. ఒక్కటీ మొలవకపోతేనే గింజల మీద తప్పు మోపాలి. మొలిచిన వాటిని వృథా చేయకుండా వేరు విరగకుండా మట్టిలో పెట్టేస్తే, సంక్రాంతి ముగ్గుల పక్కన పూసే మొదటి పువ్వులు అవే కావచ్చు.